గవిపురమునుండి బొర్రా దాక: గుహలకు శాసనరక్షణ

బెంగుళూరు పాతపేటలో బళేపేట యనునది గాజులవారి పేరున వెలసిన వీధి. కన్నడమున ‘బళె’ యనగా గాజు. 1537 ప్రాంతమున కెంపెగౌడ పేటను నెలకొల్పి, ఒక్కొక్క వృత్తివారిని ఒక్కొక్క వీధిలో నిలిపిననాటి సంప్రదాయమును తలపునకు దెచ్చు పేర్లలో నిది యొకటి. అక్కిపేట, తరగుపేట, కుంబారపేట, గాణిగరపేట దీనికి తోబుట్టువులు. నేడిచట గాజుల గలగలకంటె వీణలు, తబలాలు, హార్మోనియములు అమ్ము అంగళ్ల శ్రుతులే హెచ్చుగా వినబడును. ఈ పేటలలో తరతరములుగా ఇంట తెలుగు మాటలాడుకొను కుటుంబములు పెక్కు కలవు. వారి పాత యిండ్లలో వంటయింటి అరుగుమీదనో, స్నానపుగది నేలమీదనో నల్లని కడపరాయి పరచియుండును. మా యింటను ఉన్నది. చిన్ననాట దానిమీద వెల్లకిల పండుకొని వేసవిని గడిపిన నాకు, ఆ రాయి వచ్చిన సీమయే గుహల సీమయని తెలియుటకు చాలకాలము పట్టినది.

కడప కర్నూలు మండలముల సున్నపురాయి పలకలుగా చీలినచోట మన యింటి నేల యగును. వర్షపునీరు గాలిలోని బొగ్గుపులుసువాయువును, మట్టిలోని ఆమ్లమును కలుపుకొని బీటలలో దిగి, లక్షల యేండ్లు దానిని కరగించినచోట బిలమగును. ఒకే రాయికి రెండు గతులు. మొదటిదానికి ధర కలదు, గిరాకి కలదు, గని గుత్త కలదు. రెండవదానికి ఏమి కలదు? మన దేశపు చట్టములు గుహను ఎట్లు చూచినవి, ఎంతవఱకు కాచినవి యనునది ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము.

విచారమునకు దూరము పోనక్కఱలేదు. బళేపేటనుండి దక్షిణముగా నడచిన గవిపురము వచ్చును. ‘గవి’ యను మాట కన్నడమునను తెలుగునను గుహకే పేరు. అచటి గవి గంగాధరేశ్వరాలయము సహజమైన రాతిగుహను ఆధారముగా జేసికొని తొలిచిన గుడి. గౌతమముని తపస్సు చేసిన తావని స్థలపురాణము. కెంపెగౌడ స్వంతముగా నాణెములు వేయించెనన్న కోపముతో రామరాయలు ఆయనను ఆనెగొందిలో అయిదేండ్లు చెఱనుంచెననియు, విడుదలయై వచ్చిన పిమ్మట కృతజ్ఞతగా ఆయన ఈ గుడిని ఉద్ధరించెననియు ఐతిహ్యము. ఈ కెంపెగౌడ పేరనే ‘గంగాగౌరీవిలాస’మను తెలుగు యక్షగానము చెప్పబడుచున్నది. కన్నడసీమ పాలకుడు గంగను శిరమున దాల్చిన దేవుని గుడిని బాగుచేయించి, గంగాగౌరుల కథను తెలుగున పలికించుట బెంగుళూరు తెలుగువారు మఱవరాని ముచ్చట. ఇది శాసనచర్చకు సంబంధింపదు. అయినను చెప్పక దాటలేకపోతిని.

సంక్రాంతినాడు మా తాతగారు పిల్లల నందఱను వరుసగా నిలిపి, ఒకరి చేయి నొకరికి పట్టించి, అచటికి నడిపించుకొని పోయెడివారు. ముంగిట ఏకశిలలో మలచిన త్రిశూలము, డమరుకము, పెద్ద తాంబాళములవంటి సూర్యపాన చంద్రపానములు మాకు వింతగా తోచెడివి. సాయంకాలమున ఎండ నందికొమ్ముల నడుమనుండి సాగి గర్భగుహలోని లింగముమీద పడునప్పుడు జనులు ఒక్కసారిగా ఊపిరి బిగబట్టెడివారు. ఆ యెండ సంక్రాంతికి మాత్రమే పరిమితము కాదు. జనవరి 13 మొదలు 16 వఱకును, మరల నవంబరు 26 మొదలు డిసెంబరు 2 వఱకును కిరణములు లోనికి వచ్చునని 2008లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో బెంగుళూరు పరిశోధకులు ప్రకటించిరి. వారు 1792లో థామస్ డేనియల్, విలియం డేనియల్ అను చిత్రకారులు వ్రాసిన చిత్రములను నేటి కట్టడములతో పోల్చి చూచిరి. ఆనాడు గుహముందు ఇన్ని గోడలు, ఇన్ని మండపములు లేవు. కాలక్రమమున చేర్చిన కట్టడములు వెలుతురు త్రోవను మార్చినవని వారి పరిశీలనవలన తెలియుచున్నది. 2021 సంక్రాంతినాడు మబ్బు పట్టి ఆ కిరణము లింగమును తాకలేదు. మబ్బును చట్టము తొలగింపలేదు గాని, గోడను ఆపగలదు గదా!

ఈ గుడికి చట్టరక్షణ లేకపోలేదు. కర్ణాటకపు 1961 నాటి ప్రాచీన చారిత్రక స్మారకముల, పురావస్తు స్థలముల, అవశేషముల చట్టమునుబట్టి ఇది రక్షిత స్మారకము. అంతకుముందు మైసూరు సంస్థానమునకు 1925లో చేసికొన్న స్వంత శాసనమొకటి యుండెను. 1885లోనే పురావస్తుశాఖను నెలకొల్పి, బి. ఎల్. రైసు చేత వేలకొలది శాసనములను ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ సంపుటములుగా వెలువరింపజేసిన సంస్థానమునకు అట్టి శ్రద్ధ సహజమే. అయినను రక్షణ దేనికి? తొలిచిన రాతికి, మలచిన విగ్రహమునకు. నందికొమ్ముల నడుమనుండి వచ్చు వెలుతురు త్రోవకు, గుహపైనున్న బండకు, బండ బీటలలో నూరు నీటికి ప్రత్యేకముగా పేరు పెట్టిన రక్షణ యేదియు కానరాదు.

దీనికి మూలము చట్టపు మాటలోనే కలదు. 1904లో లార్డు కర్జను కాలమున ప్రాచీన స్మారక పరిరక్షణ చట్టము వచ్చినది. ‘ప్రాచీన స్మారకము’ అను మాటను నిర్వచించుచు అది కట్టడములను, సమాధులను, శిలాశిల్పములను, శాసనములను, ఏకశిలాస్తంభములను పేర్కొని, వానితోపాటు గుహనుగూడ పేర్కొన్నది. చదివినవాడు సంతోషింపవచ్చును. కాని వెంటనే ఒక షరతు: అది చరిత్రకో, పురావస్తుశాస్త్రమునకో, కళకో సంబంధించిన ఆసక్తి కలదై యుండవలెను. స్వాతంత్ర్యానంతరము 1958లో పార్లమెంటు చేసిన చట్టము ఆ మాటలనే గ్రహించి, నూఱేండ్లకు తక్కువకాని వయస్సును చేర్చినది. లక్షల యేండ్ల బిలమునకు నూఱేండ్ల వయస్సు చాలదా యని పాఠకులు నవ్వుకొనవచ్చును. చట్టము చూచునది వయస్సు నొక్కదానినే కాదు. మనుష్యుని ఉలి తగిలినదా, కుంచె తగిలినదా, కనీసము అతని కుండపెంకయైన దొరకినదా? తగిలినచో గుహ స్మారకము. తగులనిచో కేవలము రాతిలోని ఖాళీ.

ఉలి తగిలిన గుహలకు ఈ చట్టము మేలే చేసినది. కృష్ణాతీరమున ఉండవల్లిలో నాలుగంతస్తులుగా తొలిచిన గుహ, అందు శయనించియున్న అనంతపద్మనాభుడు, పశ్చిమగోదావరి సీమలోని గుంటుపల్లి బౌద్ధగుహలు కేంద్ర పురావస్తుశాఖ పోషణలో నున్నవి. 2010లో వచ్చిన సవరణచట్టమునుబట్టి ఇట్టి కేంద్రరక్షిత స్మారకములకు నలువైపుల నూఱు మీటర్ల వఱకు కొత్త కట్టడము నిషిద్ధము. ఆపై మఱి రెండువందల మీటర్లు అనుమతికి లోబడినది. అజంతా సంగతి అందఱెఱుంగుదురు: 1914లో ఏర్పడిన హైదరాబాదు పురావస్తుశాఖ, దాని తొలి అధిపతి గులాం యజ్దానీ, ఇటలీనుండి నిజాము ప్రభుత్వము పిలిపించిన నిపుణులు. అది వేఱొక వ్యాసమునకు తగినది.

ఇక ఉలి తగులని గుహల మాట. కర్నూలుసీమలో బేతంచెర్ల సమీపమున బిల్లసర్గము అను గుహలు కలవు. మదరాసు సైన్యమునకు చెందిన న్యూబోల్డు అను కెప్టెను 1844లో అచటి యెముకల మట్టిని గూర్చి వ్రాసెను. నలువదేండ్ల పిమ్మట, మన దేశపు ఆదిమానవచరిత్రకు పితామహుడనదగిన రాబర్టు బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ 1884, 85 సంవత్సరములలో ఆ గుహలను త్రవ్వించి, ఖడ్గమృగముల యెముకలను, నేడు మన దేశమున నశించిన జంతువుల యెముకలను వెలికి తీసిరి. గుహ నేలమీది ఒక్కొక్క మట్టిపొర ఒక్కొక్క యుగము. పాఱ పట్టినవాడు ఎవ్వడైనను ఆ పుటలను తాఱుమాఱు చేయగలడు. చేసినచో తిరిగి కూర్చుట యెవ్వరికిని శక్యము కాదు. పలకరాయికి పేరుపడిన సీమయే అది యగుటచే ఈ మాట కేవలము ఊహ కాదు.

అదే సీమలో, ఇప్పటి నంద్యాలజిల్లాలో, బెలుము గుహలు. ‘బిలము’ అను సంస్కృతపదమే ఆ పేరునకు మూలము. 1884లో ఫుట్ వీనిని గుర్తించి వ్రాసినను, ఆ తరువాత దాదాపు నూఱేండ్లు పట్టించుకొన్నవారు లేరు. 1982, 83 సంవత్సరములలో డేనియల్ గెబావర్ అను జర్మను పరిశోధకుడు తన బృందముతో లోనికి దిగి సమగ్రముగా కొలిచెను. 3,229 మీటర్ల పొడవు తేలినది. సందర్శకులకు తెఱచిన గుహలలో భరతఖండమున ఇది రెండవ పెద్దదందురు. ఇంత గుహ ఆ నూఱేండ్లు ఏమైనది? చుట్టుప్రక్కలవారు చెత్తను పోయు గోతిగా వాడుకొనిరి! వారిని నిందించుట సులభము. భూమి నోరు తెఱచిన చోట చెత్త పోయుట పల్లెవానికి తోచిన ఉపాయము. అది చేయరాదని చెప్పిన చట్టము లేదు, చెప్పవలసిన అధికారి లేడు. తుదకు స్థానికులలోనే కొందఱు పట్టుదలతో ప్రభుత్వమునకు విన్నవింపగా, 1988లో రాష్ట్రప్రభుత్వము ఆ ప్రాంతమును రక్షితముగా ప్రకటించినది. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ చేపట్టి, బండ్లకొలది చెత్తను, మట్టిని తీయించి, 2002లో జనులకు తెఱచినది.

తెఱచుటయు ఒక చిక్కే. ఫ్రాన్సులో లస్కో గుహ 1940లో బయటపడినది; జనులు తండోపతండములుగా వచ్చి విడిచిన ఊపిరికి, వెలిగించిన దీపములకు వేలయేండ్ల చిత్రములపై పాచిపట్టగా 1963లో దానిని మూసివేసిరి. సున్నపుగుహలో పైనుండి వ్రేలాడు ఊడలు, నేలనుండి లేచు మొలకలు నీటిబొట్టు వదలిన సున్నముతో పేరుకొనునవి. ఏటికి ఒక మిల్లీమీటరులో కొంతభాగము పెరుగుటయే సామాన్యము. విహారయాత్రకు వచ్చిన పిల్లవాడు జ్ఞాపకార్థమని విఱుచుకొనిపోయిన జానెడు తునుక, అతని మునిమనుమని కాలమునకైనను తిరిగి మొలవదు. చేయి తగిలిన చోట చమటలోని జిడ్డు పట్టి పెరుగుదల నిలిచిపోవును.

ఇక బొర్రా. అరకులోయకు పోవు త్రోవలో అనంతగిరి కొండలలో, సముద్రమట్టమునకు సుమారు 705 మీటర్ల యెత్తున ఉన్న ఈ గుహలను భారత భూగర్భపరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ జార్జి 1807లో కనుగొనెనని పెక్కు పుస్తకములలోను చూడనగును. ఆ శాఖ పుట్టినదే 1851లో! ఒకరు వ్రాసినదానిని మఱొకరు చూచి వ్రాయుటవలన ఇట్టివి స్థిరపడును. అచటి గిరిజనులు ఆ గుహలోని సున్నపులింగమును తొల్లినుండియు కొలుచుచున్నవారే గనుక, కనుగొనుట యను మాటయే వింత.

బొర్రా చుట్టునున్న కొండలలో కాల్సైటు మొదలగు ఖనిజములు మెండు. ఆ ప్రాంతము రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు క్రిందిది. 1959 నాటి ఆంధ్రప్రదేశ్ షెడ్యూలు ప్రాంతముల భూబదలాయింపు నిబంధన, 1970లో కట్టుదిట్టమై, గిరిజనేతరులకు అచటి భూమి చేరుటను నిషేధించినది. అయినను బొర్రా రక్షితారణ్యమునందును, దాని చుట్టునున్న 14 గ్రామములయందును ప్రభుత్వమే గిరిజనేతరులకు గని గుత్తలిచ్చినది. ‘సమత’ యను స్వచ్ఛందసంస్థ హైకోర్టుకెక్కి, 1995లో అచట ఓడి, సుప్రీంకోర్టుకు పోయినది. ప్రశ్న చిన్నది: నిబంధనలోని ‘వ్యక్తి’ యను మాటలో ప్రభుత్వము చేరునా, చేరదా? 1997 జూలై 11న వెలువడిన తీర్పులో న్యాయమూర్తులు కె. రామస్వామి, సగీర్ అహమ్మదు గార్లు చేరుననిరి, జి. బి. పట్నాయక్ గారు భేదించిరి. ప్రభుత్వమును వ్యక్తియే యగుచో, షెడ్యూలు ప్రాంతమున ప్రభుత్వభూమినిగూడ గిరిజనేతరులకు గుత్తకియ్యరాదు. కనుక ఆ గుత్తలు చెల్లవని తేలినది. గని నడపు సంస్థలు నికరలాభమున నూటికి ఇరువది వంతులకు తక్కువకాకుండ గిరిజనుల మేలుకై నిధిగా వేఱుంచవలెననియు తీర్పు చెప్పినది.

ఈ వ్యాజ్యమును నేను పలుమాఱులు తలపోసితిని. గుహను కాచుటకై వేసిన వ్యాజ్యము కాదిది. గిరిజనుల భూమికై వేసినది. అయినను పేలుడుమందు గుహ పరిసరములకు రాకుండ నిలిపినది పురావస్తుచట్టమో, అరణ్యచట్టమో కాదు, గుహ పేరైన ఎత్తని భూనిబంధన. మేలు జరిగినది. కాని మేలు పొరుగింటి తలుపునుండి వచ్చినది. షెడ్యూలు ప్రాంతము కాని బేతంచెర్ల గుహలకు ఆ తలుపు లేదు.

ఇతరదేశముల మాట కొంత. బెలుము రక్షితమైన 1988వ సంవత్సరముననే అమెరికాదేశమున ‘ఫెడరల్ గుహావనరుల రక్షణచట్టము’ వచ్చినది. దాని నిర్వచనము మన 1904 చట్టమునకు తలక్రిందులు. సహజముగా నేర్పడి, మనుష్యుడు దూరగలిగినంతటి ఖాళీ యేదైనను గుహయే. ద్వారము సహజమైనను సరే, మనుష్యుడు చేసినదైనను సరే. మనుష్యుడు త్రవ్విన గనులు, సొరంగములు మాత్రము అందు చేరవు! మన చట్టము ఉలి తగిలినదానిని కోరును. వారిది ఉలి తగిలినదానిని త్రోసిపుచ్చును. అందలి ప్రాణులు, ఊడలు, మట్టిపొరలు, పూర్వమానవుని జాడలు అన్నియు ‘గుహావనరులు’. అనుమతి లేక వానిని తీయుట, చెఱచుట, అమ్ముట నేరము. అన్నింటికంటె నన్నాకర్షించినది వేఱొకటి: ముఖ్యమని నిర్ణయించిన గుహ ఎక్కడనున్నదో చెప్పుమని పౌరుడు అడిగినను, గుహకు హాని కలుగునను భయమున్నచో చెప్పకుండు అధికారమును ఆ చట్టము ఇచ్చినది. సమాచారము పౌరుని హక్కని చాటు దేశము ఒక బిలముకొఱకు నోరు మూసికొన్నది. అయితే అది కేంద్రప్రభుత్వ భూములకే వర్తించును. ప్రైవేటు భూములలోని గుహలకు కాదు.

మనకు అట్టి చూపు లేదనుట పూర్తిగా న్యాయము కాదు. 1976లో రాజ్యాంగమున చేర్చిన పౌరధర్మములలో అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులు కల ప్రకృతిని కాపాడుట యొకటి. గుహ పేరు అందు కానరాదు గాని, ప్రకృతి యను మాటలో ఇమిడినదే. మన లాల్‌బాగులోని పెద్దబండను 1975లో జాతీయ భూగర్భస్మారకముగా భూగర్భపరిశోధనశాఖ ప్రకటించినది. భూమిమీది మిక్కిలి ప్రాచీనమైన రాళ్లలో నదియొకటి. ఆ బిరుదు గౌరవమే తప్ప, దాని వెనుక దండనాధికారము కల ప్రత్యేకచట్టమేదియు నాడు లేదు. బండ నిలిచినదన్న, అది తోట నడుమ నుండుటచేతనే. ఇట్టి భూవారసత్వస్థలముల రక్షణకై గనులమంత్రిత్వశాఖ 2022 డిసెంబరులో ఒక బిల్లు ముసాయిదాను ప్రజల ముందుంచినది. ఖనిజములను త్రవ్వింపవలసిన శాఖయే ఖనిజస్థలములను కాపాడు బిల్లును వ్రాయుట కొందఱికి వింతగా తోచినది. నాకును తోచినది.

తుదకు మన పొరుగుననే యున్న కోలారు. ఇంటింట తెలుగు వినబడు జిల్లా. కోలారు కొండలలో అంతరగంగ బండగుహలను చూడని బెంగుళూరువారు తక్కువ. ఆ జిల్లాలోనే హనుమనహళ్లి, తేరహళ్లి అను చోట్ల గుహలలో దొరకిన ఒక చిన్న గబ్బిలమును 1994లో కోక్, భట్ అను శాస్త్రజ్ఞులు కొత్తజాతిగా వర్ణించిరి. ఆకువంటి ముక్కు కలది. కోలారు ఆకుముక్కు గబ్బిలమని వాడుక. లోకమున మఱెక్కడను లేదు. గబ్బిలమన మన వారికి అపశకునము. 1972 వన్యప్రాణిచట్టపు తొలి షెడ్యూళ్లలో పండ్లుతిను గబ్బిలములను కాకులతో, ఎలుకలతో కలిపి హానికరజంతువుల పట్టికలో చేర్చిరి. ఇది పండ్లు తినునది కాదు, పురుగులను తినునది, రైతునకు మిత్రము. కాని దాని గుహలో ఏ శిల్పమును లేదు. అట్టి గుహ దాపున నల్లరాతి గనులవారు బండలు పగులగొట్టుచుండిరి. గబ్బిలములకై పాటుపడు సంస్థయు, కర్ణాటక అటవీశాఖయు పూనుకొని హనుమనహళ్లి గుట్టను రక్షితమొనర్చి ఆ త్రవ్వకములను ఆపించిరి. మిగిలిన గబ్బిలములు రెండువందలకు మించవని పరిశీలకుల లెక్క. అన్నియు ఆ ఒక్క గుహలోనే యున్నవి. తేరహళ్లి గుహలో ఇప్పుడవి కానరావు.